వలయం పెద్దదైతే బూజు గొప్పదా?

మట్టిలోంచి శిలీంధ్రాలను వేరుచేసి, సెల్యులోజ్‌ని బాగా కుళ్ళబెట్టేది ఏదో తేల్చామని చెప్పే పేపర్లు వరసగా నాలుగు చదవండి. నడక ఒకటే. మట్టిని నీళ్ళలో పలచన చేస్తారు, ప్లేట్ల మీద పరుస్తారు, మొలిచిన కాలనీలను ఒక్కొక్కటిగా సీఎంసీ కలిపిన అగార్ జెల్లీ మీదకు మారుస్తారు. నాలుగైదు రోజులాగి కాంగో రెడ్ అనే రంగు పోస్తారు. కాలనీ చుట్టూ తేలిన లేత వలయాన్ని స్కేలు పెట్టి కొలిచి, ఆ వ్యాసాన్ని కాలనీ వ్యాసంతో భాగిస్తారు. ఎక్కువ అంకె ఎవరికొస్తే ఆ ఐసొలేట్‌కి, అంటే అలా వేరుచేసిన బూజుకి, పట్టాభిషేకం. ముగింపు పేరాలోకి వచ్చేసరికి పంట వ్యర్థాలు, కాగితం చెత్త, జీవ ఇంధనం అన్నీ దిగిపోతాయి.

ఆ ప్లేటులో సెల్యులోజ్ లేదు. నా గొడవంతా అక్కడే.

ప్లేటులో ఉన్నదేమిటి

సీఎంసీ అంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. సెల్యులోజ్ గొలుసుకు అక్కడక్కడా కార్బాక్సీమిథైల్ తోకలు తగిలించి, నీళ్ళలో కరిగేలా చేసిన సరుకు. మామూలుగా వాడే రకంలో నూరు గ్లూకోజ్ యూనిట్లకు డెబ్బై దాకా తోకలుంటాయి. అసలు సెల్యులోజ్ ఎందుకు కరగదు? గొలుసులు పక్కపక్కనే స్ఫటికంలా పేర్చుకుని, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుపోయి, నీటిని లోపలికి రానివ్వవు కాబట్టి. ఎంజైమ్‌కి కూడా అదే అడ్డం. మట్టిలో బూజుకి ఎదురయ్యే మొదటి చిక్కు ఆ బిగింపే. గ్లూకోజ్‌కీ గ్లూకోజ్‌కీ మధ్యనున్న బీటా 1,4 బంధాన్ని తెంచడం ఆ తర్వాతి సంగతి. సీఎంసీ మొదటి చిక్కును ముందే తొలగించి, రెండోదాంట్లో మాత్రమే పరీక్ష పెడుతుంది. గోడలు కూల్చేసిన కోటలోకి నడిచి వెళ్ళినవాడికి విజేత బిరుదు ఇచ్చినట్టు.

ఇంకో మెలిక ఉంది. సెల్యులోజ్‌ని తెంచే ఎంజైమ్‌ని సెల్యులేజ్ అని ఏకవచనంలో అంటాం కానీ అది ఒక ముఠా. గొలుసు మధ్యలో ఎక్కడ సందు దొరికితే అక్కడ తెంచేది ఎండోగ్లూకనేజ్. గొలుసు కొసను పట్టుకుని, దాన్ని తనలోకి లాక్కుంటూ రెండేసి గ్లూకోజ్‌ల ముక్కలుగా, అంటే సెల్లోబయోస్‌గా, కోసుకుంటూ పోయేది సెల్లోబయోహైడ్రోలేజ్. ఆ సెల్లోబయోస్‌ని విడగొట్టేది బీటా గ్లూకోసిడేజ్. ట్రైకోడెర్మా రీసై అనే బూజు బయటికి వదిలే ప్రోటీన్‌లో దాదాపు సగమో అంతకంటే ఎక్కువో ఒకే ఒక్క ఎంజైమ్: మొదటి సెల్లోబయోహైడ్రోలేజ్, ఇప్పటి పేరుతో సెల్7ఎ. దాని చురుకైన చోటు గాడిలా కాదు, దాదాపు 5 నానోమీటర్ల పొడవున్న సొరంగంలా ఉంటుంది. ఒకే ఒక్క గొలుసు కొస అందులోకి దూరాలి. సెల్యులోజ్ ఉపరితలం మీద ఇది నడుస్తుండగా వేగంగా పనిచేసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్‌తో తీసిన చిత్రాలు 2011లో వచ్చాయి. సెకనుకు కొన్ని నానోమీటర్లు జరుగుతూ, ముందున్నది ఆగితే వెనకవన్నీ దాని వెనకే నిలిచిపోతూ కనిపిస్తాయి. ట్రాఫిక్ జామే.

ఇప్పుడు ఆ సొరంగం ముందు సీఎంసీ గొలుసు పెట్టండి. నాలుగడుగులు వేసేలోపే ఏదో ఒక తోక అడ్డం పడుతుంది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. అంటే పారిశ్రామికంగా అందరూ వాడే బూజు తయారుచేసే ముఖ్యమైన ఎంజైమ్ సీఎంసీ ప్లేటు కంటికి కనబడదు. ఆ ప్లేటు చూసేది ఎండోగ్లూకనేజ్‌ని, దాన్ని మాత్రమే. మనం మాత్రం పేపరు మీద "సెల్యులోజ్‌ని కుళ్ళబెట్టే సామర్థ్యం" అని రాసుకుంటున్నాం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే.

1950లోనే తేలిన సంగతి

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల తేమలో అమెరికా సైన్యం నూలు సామాను, గుడారాలతో సహా, కుళ్ళిపోయింది. సోలమన్ దీవుల్లో అలా కుళ్ళిన గుడ్డ మీంచి వేరుచేసిన క్యూఎం6ఎ అనే స్ట్రెయినే ఇవాళ్టి ట్రైకోడెర్మా రీసై వంశానికంతటికీ మూలపురుషుడు. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడే అన్నారు. 1977లో సెల్యులేజ్ పరిశోధకుడు ఎల్విన్ రీస్ గౌరవార్థం పేరు మార్చారు. ఈ రీస్, ఆయన సహచరులు 1950లో గమనించింది మన చర్చకు నేరుగా సంబంధించినది. సీఎంసీ లాంటి కరిగే రూపాలను తినే జీవులు బోలెడున్నాయి. వాటిలో చాలా వాటికి దూదిని ఇస్తే ముట్టుకోలేవు. కాబట్టి దూదిని తినే బూజులో అదనంగా ఇంకేదో ఉండాలి అన్నారు. ఆ తెలియనిదానికి సీ1 అని, కరిగే గొలుసులను తెంచే భాగానికి సీఎక్స్ అని పేరు పెట్టుకున్నారు.

సీ1 ఏమిటన్నది ఆ తర్వాత చాలాకాలం ఎటూ తేలలేదు. సెల్లోబయోహైడ్రోలేజ్ దొరికాక అదేనేమో అనుకున్నారు. ఎండోగ్లూకనేజ్, సెల్లోబయోహైడ్రోలేజ్ కలిసి పనిచేస్తే విడివిడి పనుల మొత్తం కంటే ఎక్కువ ఫలితం వస్తుందని తేలడంతో సీ1 అక్కర్లేదన్నవాళ్ళూ ఉన్నారు. 2010లో కథ మళ్ళీ తిరిగింది. పురుగుల పెంకుల్లో ఉండే కైటిన్‌కి అతుక్కోవడమే పని అనుకున్న ఒక బ్యాక్టీరియా ప్రోటీన్ నిజానికి లోహ అయాన్‌ని (అది రాగి అని తర్వాత తేలింది) పట్టుకుని, స్ఫటిక ఉపరితలం మీదే ఆక్సీకరణతో గొలుసును తెంచుతోందని బయటపడింది. మరుసటేడు శిలీంధ్రాల్లోని దాని చుట్టాలు సెల్యులోజ్ మీద అదే పని చేస్తున్నాయని చూపించారు. అప్పటిదాకా వాటిని బలహీనమైన ఎండోగ్లూకనేజ్‌లనుకుని ఒక మూలన పడేశారు. ఇప్పుడు వాటిని లైటిక్ పాలీశాకరైడ్ మోనోఆక్సిజనేజ్‌లంటున్నాం. రీస్ ఊహించిన తీరులో కాకపోయినా, బిగింపును సడలించేది ఒకటుండాలన్న ఆయన అనుమానం వట్టిది కాదు. అరవై ఏళ్ళు వెతికిన ఆ ఎంజైమ్ పని కూడా సీఎంసీ ప్లేటు మీద వలయంగా తేలదు.

2008లో రీసై జీనోమ్ వచ్చినప్పుడు అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఇంత పేరున్న బూజులో సెల్యులేజ్ జీన్లు దాని తోటి శిలీంధ్రాల కంటే తక్కువ. ఉన్న కొద్దిమందితో ఎంత పని, ఎంత మోతాదులో చేయిస్తుందన్నదే లెక్క. ఒక్కదాని ఉనికిని చూపే పరీక్షకు ఈ మోతాదులు, ఈ కలయిక కనబడే వీల్లేదు.

స్కేలు పెట్టి కొలిచే ముందు

సరే, వలయాన్ని ఎండోగ్లూకనేజ్‌కి గుర్తుగానే తీసుకుందాం. అప్పుడైనా ఆ అంకె నమ్మదగ్గదేనా?

పద్ధతి 1982లో టెదర్, వుడ్ ఇచ్చినదే: 0.1 శాతం కాంగో రెడ్ పోసి 15 నిమిషాలు, వంపేసి ఒక మోలార్ ఉప్పునీళ్ళు (లీటరుకు 58.4 గ్రాములు) పోసి ఇంకో 15 నిమిషాలు. పొడవైన గొలుసులకు రంగు అంటుకుని ఉంటుంది, తెగిన పొట్టి ముక్కల దగ్గర నిలవదు. మొదటి ఉప్పునీళ్ళు వంపేటప్పటికి ఎర్రటి ప్లేటులో కాలనీ చుట్టూ పసుపు ఛాయతో ఉంగరం తేలుతుంది. చూడ్డానికి బాగుంటుంది, అందుకే ఫొటోలకు కరువుండదు.

మొదటి తప్పు నిష్పత్తిలోనే ఉంది. ట్రైకోడెర్మా 90 మిల్లీమీటర్ల ప్లేటుని మూడు నాలుగు రోజుల్లో కప్పేస్తుంది. దాని ఎంజైమ్ పనంతా కాలనీ కిందే దాగిపోతుంది. నిష్పత్తి ఒకటి దగ్గర ఆగిపోతుంది. నెమ్మదిగా పెరిగే ఏ పెనిసిలియమో చిన్న చుక్కలా ఉండి, చుట్టూ కాస్త వలయం తెచ్చుకుంటే మూడు దాటేస్తుంది. భాగహారంలో గెలిచింది నెమ్మదితనం, ఎంజైమ్ కాదు. మాధ్యమంలో 0.1 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే సబ్బులాంటి పదార్థం కలిపి కాలనీలను కుదించడం ఒక విరుగుడు. ద్రవంలో పెంచి, వడకట్టిన రసాన్ని అగార్‌లో కోసిన ఒకే కొలత గుంటల్లో పోయడం ఇంకా మేలు.

రెండోది, వలయం వ్యాసం ఎంజైమ్ మోతాదుతో తిన్నగా పెరగదు, దాని లాగరిథమ్‌తో పెరుగుతుంది. పదిరెట్లు ఎక్కువ ఎంజైమ్ ఉన్నా వలయం కొన్ని మిల్లీమీటర్లే పెరగొచ్చు. అంటే 22 మి.మీ., 25 మి.మీ. వలయాల మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తూనే పెద్దది కావచ్చు. ప్లేటులో 15 మి.లీ. బదులు 20 మి.లీ. అగార్ పోస్తే ఆ తేడా పూర్తిగా చెరిగిపోనూవచ్చు. అగార్ మందం రాయని పేపర్లో వలయాల పట్టిక ఎందుకో నాకర్థం కాదు.

మూడోది ఆమ్లం. కాంగో రెడ్ నిజానికి పీహెచ్ సూచిక కూడా: 5 పైన ఎరుపు, 3 దగ్గర నీలం. ఆస్పర్జిల్లస్ నైగర్ లాంటివి సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ధారాళంగా వదులుతాయి. వాటి చుట్టూ రంగు మారిన పట్టీ కనబడితే అది ఎంజైమ్ పనో, ఆమ్లం పనో కంటితో చెప్పలేం. రంగు పోసే ముందు పీహెచ్ 7 బఫర్‌తో ప్లేటుని తడిపి వంపేస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది.

నాలుగోది దీనికి తలకిందులు. మాధ్యమంలో "త్వరగా పెరగాలి కదా" అని గ్లూకోజ్ వేస్తే, అది అయ్యేదాకా శిలీంధ్రం సెల్యులేజ్ జీన్లను అణచి ఉంచుతుంది. వలయం రాదు. మంచి ఐసొలేట్ చెత్తబుట్టలోకి పోతుంది.

అన్నట్టు కాంగో రెడ్ బెంజిడీన్ నుంచి తయారైన రంగు. చేతికి గ్లౌజులు వేసుకోవాలి, వంపేసింది సింకులోకి పోకూడదు.

కాగితాన్ని నిలబెట్టి చూడండి

దీనికి బదులు నేను చేయమనేది చాలా పాత పరీక్ష. వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ కాగితాన్ని సన్నటి పట్టీగా కోసి, పరీక్షనాళికలో నిలువుగా, సగం ద్రవంలో మునిగి సగం పైకి ఉండేలా పెట్టాలి. ద్రవంలో ఖనిజ లవణాలు తప్ప కార్బన్ ఉండకూడదు. మాండెల్స్, వెబర్ 1969లో ఇచ్చిన వంటకాన్ని ఆధారం చేసుకోవచ్చు: లీటరుకు అమ్మోనియం సల్ఫేట్ 1.4 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2 గ్రాములు, యూరియా, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్ తలా 0.3 గ్రాములు, ఇనుము, మాంగనీస్, జింకు, కోబాల్ట్ మిల్లీగ్రాముల్లో. వాళ్ళు వేసిన పెప్టోన్ అనే ప్రోటీన్ ఆహారాన్ని ఇక్కడ మానేయాలి. లేకపోతే బూజు పెప్టోన్ తిని పచ్చగా పెరిగి మనల్ని మోసం చేస్తుంది. బూజుని అగార్ ముక్కతో నాటొద్దు, దాంతో పాటు చక్కెర కూడా వస్తుంది. స్పోర్లను కడిగి, ఆ నీళ్ళు ఒక చుక్క వేయాలి.

రెండు మూడు వారాలు 28 డిగ్రీల దగ్గర వదిలేయండి. నిజంగా సెల్యులోజ్ తినే బూజైతే ముందు నీటి మట్టం దగ్గర, గాలీ తడీ రెండూ అందే ఆ సన్నటి గీతలో, కాగితం పలచబడి వెలుగు కనిపించేలా అవుతుంది. అంచుల్లో పీచు లేస్తుంది. నాళికను వేలితో తట్టగానే పైసగం మెడ వంచి ద్రవంలోకి జారిపోతుంది. సీఎంసీ మీద వలయం తెచ్చిన ఐసొలేట్లన్నీ ఇక్కడికి వచ్చి నిలవవు. కొన్నింటి కాగితం నెల తర్వాత కూడా జెండాలా నిటారుగా ఉంటుంది. మీద కాస్త బూజు, లోపల గట్టి కాగితం. పసుపు మరకలు చూసి కుళ్ళిందనుకోకండి, అది చాలా బూజులు వదిలే రంగు. ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లో కాగితమూ కాస్త బలహీనపడుతుంది కాబట్టి బూజు వేయని నాళికని పక్కన పెట్టుకోవాలి. కాగితం లేని నాళికలో ఎంత పెరిగిందో కూడా చూసుకోవాలి.

అంకెలు కావాలంటే మిగిలిన కాగితాన్ని ఆరబెట్టి తూచేయడం కుదరదు. కాగితంలోకి అల్లుకుపోయిన బూజు దారాల (మైసీలియం) బరువు, పోయిన సెల్యులోజ్ బరువును కప్పేస్తుంది. అసిటిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమంలో మరిగించి (80 శాతం అసిటిక్ ఆమ్లం పది పాళ్ళు, గాఢ నైట్రిక్ ఆమ్లం ఒక పాలు, అరగంట, ఫ్యూమ్ హుడ్‌లో) సెల్యులోజ్ కానిదంతా తీసేసి, మిగిలినదాన్ని 67 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి ఆంత్రోన్ అనే రంగు తెప్పించే రసాయనంతో కొలిచే అప్‌డిగ్రాఫ్ పద్ధతి అందుకే పుట్టింది. ద్రవంలో చక్కెర కొలిచి "ఏమీ రాలేదు" అనేవాళ్ళూ ఉన్నారు. వచ్చిన చక్కెరను బూజు అప్పటికప్పుడే తినేస్తుంది. చక్కెర పేరుకోకపోవడం బూజు ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు.

ఎంజైమ్ రసం బలాన్నే కొలవాలంటే 1987లో టి.కె. ఘోష్ ఐయూపీఏసీ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం) కోసం రాసిన ఫిల్టర్ పేపర్ పద్ధతి ఉంది. 1 × 6 సెం.మీ. పట్టీ, అంటే 50 మిల్లీగ్రాములు. పీహెచ్ 4.8 సిట్రేట్ బఫర్ 1 మి.లీ., ఎంజైమ్ 0.5 మి.లీ., 50 డిగ్రీలు, సరిగ్గా 60 నిమిషాలు. తర్వాత చక్కెరను రంగుగా చూపే డీఎన్‌ఎస్ 3 మి.లీ. పోసి ఐదు నిమిషాలు మరిగించడం. దీని కిటుకంతా ఒక్క అంకెలో ఉంది: గంటలో 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వచ్చేంత పలచన ఏదో వెతకాలి. ఆ పలచనతో 0.37ని భాగిస్తే యూనిట్లు. కాగితంలో 4 శాతం కరగాలన్నమాట. ఎందుకంత పట్టుదల? మెత్తగా ఉన్న మొదటి కాసింత భాగం ఎవరికైనా లొంగుతుంది. ఆ గీత దాటించగలిగితేనే స్ఫటికం మీద పని జరిగినట్టు. రసం చిక్కగా వాడినా 2 మిల్లీగ్రాములు రాకపోతే ఫిల్టర్ పేపర్ యూనిట్లు లెక్కగట్టడానికి లేదు. 0.3 మిల్లీగ్రాములు తెచ్చుకుని, అనుపాతం వేసి యూనిట్లు రాసేస్తున్న పట్టికలు చూసినప్పుడు ఆ గీత ఎందుకు గీశారో ఒక్కరైనా చదివారా అనిపిస్తుంది. ఇంకో జాగ్రత్త: బీటా గ్లూకోసిడేజ్ తక్కువున్న రసంలో సెల్లోబయోస్ పేరుకుని సెల్లోబయోహైడ్రోలేజ్‌నే ఆపేస్తుంది. ఆ రసం నిజబలం కంటే తక్కువగా తేలుతుంది.

సెల్యులోజ్ ఒక్కటే కాదు

వెంట్రుకలు, ఈకలు తినే బూజుల విషయంలో ఇదే పొరపాటు పాలపొడి అగార్ రూపంలో ఉంటుంది. పాలలోని కేసీన్ వదులుగా ఉండే ప్రోటీన్, ఏ ప్రోటియేజ్‌కైనా కరుగుతుంది. వెంట్రుకల్లోని కెరటిన్ అలా కాదు, సల్ఫర్ బంధాలతో కుట్టేసి ఉంటుంది. కెరటిన్ తినే శిలీంధ్రాలు ముందు సల్ఫైట్ వదిలి ఆ కుట్లు విప్పి, ఆ తర్వాతే ప్రోటియేజ్‌ని దింపుతాయి. పాల ప్లేటు కుట్లు విప్పే పనిని చూడనే చూడదు. తడి మట్టి మీద శుభ్రం చేసిన వెంట్రుకలు చల్లి, వాటి మీద మొలిచినవాటిని ఏరుకునే వాన్‌బ్రూసెగెమ్ పద్ధతి 1952 నాటిది. ఇప్పటికీ దానిదే పైచేయి. కైటిన్‌ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉబ్బించి "కొలాయిడల్ కైటిన్" చేసి ఇవ్వడం సీఎంసీకి తమ్ముడు. పిండిపదార్థం ప్లేటుని అందరూ నిక్కమైన పరీక్ష అంటారు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. కాకపోతే ఆటోక్లేవ్‌లో ఆ పిండి ఉడికిపోయి ఉంటుందని గుర్తుంచుకోవాలి. పచ్చి పిండి రేణువుని కొరకడం వేరే విద్య.

చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ దగ్గర మాట ఇంకా జారుతుంది. గ్వాయకాల్ అనే ఫీనాల్ కలిపిన ప్లేటు ఎర్రబడితే ఫీనాల్‌లను ఆక్సీకరించే లాకేజ్ లాంటి ఎంజైమ్ ఉందని అర్థం. లిగ్నిన్‌లో ఎక్కువ భాగం ఫీనాల్ కాని యూనిట్లు. లాకేజ్ ఒంటరిగా వాటిని ఆక్సీకరించలేదు, మధ్యవర్తి కావాలి. ఆ పని నేరుగా చేయగల లిగ్నిన్ పెరాక్సిడేజ్ 1983లో ఫానెరోకీట్ క్రైసోస్పోరియంలో దొరికింది. అది చెక్క మీద బతికే తెల్ల కుళ్ళు బూజు. గ్వాయకాల్‌ని ఎర్రబరిచిన ప్రతి మట్టి బూజునీ ఆ పంక్తిలో కూర్చోబెట్టడం అన్యాయం.

నా వాదానికి దెబ్బ తగిలే చోటు

"సరే, కాగితమే ప్రమాణం అంటున్నావు కదా, గోధుమరంగు కుళ్ళు సంగతేమిటి?" అని అడిగితే నేను కాసేపు ఆగాల్సిందే. చెక్కను కుళ్ళబెట్టి గోధుమరంగులో మిగిల్చే రోడోనియా ప్లసెంటా లాంటి బూజులకు స్ఫటిక సెల్యులోజ్ మీద పనిచేసే సెల్లోబయోహైడ్రోలేజ్‌లు పరిణామక్రమంలో పోయాయి. వాటిలో చాలావాటికి శుద్ధమైన కాగితం ఇస్తే పెద్దగా తినవు. అదే బూజు దూలాన్ని బరువు అంతగా తగ్గకముందే బలం లేకుండా చేసేస్తుంది. ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి పుట్టించే హైడ్రాక్సిల్ రాడికల్స్ చెక్క గోడ లోపలికి చొరబడి ముందు పని చేసిపెడతాయి, తర్వాత ఎండోగ్లూకనేజ్‌లు దిగుతాయి. నా కాగితం పరీక్షలో ఇవి తప్పుతాయి. సీఎంసీ ప్లేటు మీద మాత్రం పాసవుతాయి! కాబట్టి కాగితాన్ని కొత్త దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఏ పదార్థం గురించి మాట్లాడబోతున్నామో ఆ పదార్థాన్నే పెట్టాలి. గడ్డి గురించైతే గడ్డి, చెక్క గురించైతే చెక్క.

రెండో అభ్యంతరం చేతిలో మూడొందల ఐసొలేట్లు ఉన్నవాళ్ళది. మూడొందల నాళికలు, మూడు వారాలు ఎవరు కూర్చుంటారు? న్యాయమే. తొలి వడపోతకు ప్లేటు వాడండి, కానీ ఉందా లేదా అన్నంతవరకే. వరుసక్రమం వద్దు. వలయం లేనివాటిలోంచీ యాదృచ్ఛికంగా ఓ పదిని నాళికలోకి పంపండి. వడపోత ఎంత మంచి బూజుని జార్చేస్తోందో అప్పుడే తెలుస్తుంది. బట్ట మీది నూగుని తీయడానికి ఎండోగ్లూకనేజే కావాలనుకునేవాళ్ళకైతే వలయం సరైన ప్రశ్నే వేస్తోంది, వాళ్ళతో నాకు పేచీ లేదు.

మూడో సందేహం నన్ను ఇంకా వదల్లేదు. శుద్ధ కల్చర్లో ఒంటరిగా ఉన్న బూజు చేసే పని మట్టిలో దాని పనికి ఎంత దగ్గర? మట్టిలో బంకమట్టి రేణువులకు ఎంజైమ్ అతుక్కుపోతుంది. ఒకడు తెంచిన చక్కెరను పక్కనున్న బ్యాక్టీరియా కాజేస్తుంది. మట్టి శాస్త్రజ్ఞులు వాడే మిథైలంబెల్లిఫెరిల్ సెల్లోబయోసైడ్ లాంటి, ఎంజైమ్ తెంచితే మెరిసే పరీక్ష పదార్థాలు కూడా సీఎంసీ లాగే బిగింపు లేని చిన్న అణువులు. కొలిచేది అవకాశాన్ని, జరిగిన కుళ్ళుని కాదు. నూలు పట్టీని పాతిపెట్టి, తీసి, తెగే బలం కొలవడం మోటు పద్ధతే. 2013లో మొదలైన టీ సంచుల పద్ధతీ అంతే: సంచిని 8 సెంటీమీటర్ల లోతున పాతి 90 రోజుల తర్వాత తూచడం. మోటువైనా అవి అడిగేది అసలు ప్రశ్న.

నిజానికి పక్షపాతం ప్లేటు కంటే ముందే మొదలవుతుంది. మట్టిని పలచన చేసి పరిచినప్పుడు మొలిచేది స్పోర్లు దండిగా చల్లే పెనిసిలియం, ఆస్పర్జిల్లస్. వాటిలో చాలావి మట్టిలో పనేమీ చేయకుండా స్పోరుగా పడుకున్నవి. కాగితం ముక్కను నైలాన్ వలలో పెట్టి మట్టిలో పాతి, రెండు మూడు వారాలాగి తీసి, స్పోర్లు పోయేదాకా పదిసార్లు క్రిమిరహితమైన నీళ్ళలో కుదిపి, చిన్న తునకలు చేసి కార్బన్ లేని అగార్ మీద పెట్టండి. కీటోమియం, హ్యుమికోలా లాంటివి, పలచన ప్లేట్లలో అరుదుగా తలెత్తేవి, ఆ తునకల అంచుల్లోంచి పాక్కుంటూ బయటికొస్తాయి.